పుత్రి లేచిపోయిన సంగతి

కల్లుగీతలో మా బావ లామెక్‌ని మించినవాడు మా వాగు ఒడ్డున లేడు. ఇంటి వెనక వాలులో ఆయన చెట్లున్నాయి. గెలని కొయ్య సుత్తితో నెమ్మదిగా తట్టి, దానికో పాట పాడి, బతిమాలి, చివర కోసి కింద వెదురు గొట్టం కడతాడు. పొద్దుటికల్లా గొట్టం నిండాలి. గాలి ఉడతలే లేకపోతే నిండేది కూడా.

గాలి ఉడత అంటాంగాని అది ఉడత జాతి కాదు. పిడికిలంత ఉంటుంది. వీపు మీద నల్లచార, ఆడదానికి కడుపు మీద పిల్లల్ని దాచుకునే సంచి. ముందు కాలి నుంచి వెనక కాలి దాకా పక్కల చర్మం మడతపెట్టుకుని ఉంటుంది. దూకేటప్పుడు దుప్పటి పరిచినట్టు దాన్ని విప్పి, ఈ చెట్టు మీంచి ఆ చెట్టుకి గాలిలో జారిపోతుంది. తీపంటే ప్రాణం. సందె పడగానే తొర్రలోంచి ఒక్కొక్కటే బయటికొచ్చి, గెల కోసిన చోట నోరు పెట్టి, బావకి మిగల్చాలన్న ఆలోచన లేకుండా తాగేవి. తాగి ఒక్కోసారి గొట్టం మూతి దగ్గరే నిద్రపోయేవి. పొద్దున్నే బావ వెళ్ళి గొట్టం విప్పితే ఉడత ఒకటి ఆయన చేతిలోకి జారి, కళ్ళు నులుముకుని, నిద్ర చెడగొట్టినందుకు ఆయన్నే కసిరి చెట్టెక్కేది.

"తాగుబోతు సంత. మా తాతల నాటినుంచీ మా వంశాన్ని దోచుకు తింటున్నాయి," అని బావ రోజూ తిట్టేవాడు.

అలాంటి మనిషి, ఒకసారి పట్నం నుంచి బోన్లు పట్టుకుని ఒకడొచ్చి, వీటిని ఓడలెక్కించి పెద్ద పట్నాల్లో ఇళ్ళల్లో పెంచుకునేవాళ్ళకి అమ్ముతామని, పీడ తానే వదిలిస్తానని అంటే, గీతకత్తి పట్టుకుని వాణ్ణి రోడ్డు దాకా తరిమాడు. ఆయన భార్య, మా చిన్నక్క దోర్కాస్ ఆశ్చర్యపోయింది.

"రోజూ తిడతావుగా. పట్టుకుపోతానంటే పోనివ్వచ్చుగా?"

"తిట్టడం వేరు. అవి మా ఇంటివి. నిన్నూ తిడతాను, ఎవడైనా వచ్చి అడిగితే ఇచ్చేస్తానా?"

ఆ పూట సగ్గు గంజిలోకి బావకి చేప తలకాయ పడలేదు.

ఇలా ఉండగా మా పెద్దక్క ఓర్పా ఊరికి వచ్చింది. సముద్రం అవతల సురబయా పట్నంలో ఆసుపత్రి నర్సుగా ఉద్యోగం చేసి, రిటైరై, పిల్లా పీచూ లేని మనిషి, నాలుగు నెలలు మా దగ్గరుండి పోదామని ఓడెక్కింది. రేవులో జంతువుల తనిఖీ అధికారి ఆవిడ ముందు ఆగి చెవి ఒగ్గాడట.

"అమ్మా, మీ గుండెల్లోంచి ఏదో చప్పుడొస్తోంది."

"గుండెజబ్బు బాబూ. కవాటం అరిగిపోయింది. అలా మిడత అరిచినట్టు అరుస్తుంది. నర్సుని, నాకు తెలీదా."

పాపం, అతను ఆవిడ పెట్టెలు తానే మోసి బండిలో కూర్చోబెట్టాడు. ఇంటికొచ్చాక అక్క రవికెలోంచి ఎర్ర మఖమలు సంచి తీసి, మూతి వదులు చేసింది. అందులోంచి రెండు పెద్ద నల్లకళ్ళు మమ్మల్ని చూశాయి.

"ఇది నా పుత్రి," అంది అక్క.

బావ సంచిలోకి తొంగిచూశాడు. తర్వాత పెరట్లోకి వెళ్ళి నవ్వి, మొహం కడుక్కుని లోపలికొచ్చాడు.

"వదినా, సముద్రంలోకి ఉప్పు మోసుకొచ్చావు."

"ఇదీ మీ చెట్ల మీద తాగి పడుండేవీ ఒకటేననుకున్నావా మరిదీ? దీనికి మర్యాద తెలుసు."

మర్యాద మాటేమోగాని పుత్రికి తెలియనిది చెట్టు. పొద్దంతా సంచిలో పడుకుంటుంది. సందెవేళ లేచి అక్క భుజం మీంచి నెత్తి మీదికి, నెత్తి మీంచి మెడ మీదికి తిరుగుతుంది. ఉడికిన గుడ్డు, తేనె, పసిపిల్లల ఉగ్గు కలిపి మెత్తగా చేసి పెడితే తింటుంది. బొప్పాయి ముక్క కొంచెం పెద్దదైతే ముట్టదు. అరుగు మీంచి నేల మీదికి దూకమంటే వణికిపోయేది. ఎత్తంటే భయం.

"చేపకి ఈత రానట్టుంది," అన్నాను నేను.

"నువ్వు నోర్మూసుకో నఫ్తాలి. పదిహేనేళ్ళొచ్చేదాకా పడవెక్కాలంటే ఏడ్చినవాడివి," అంది పెద్దక్క. బావ ముందు ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

సందె పడినప్పుడల్లా వాలులోంచి అరుపులొచ్చేవి. కుక్కపిల్ల దూరంగా మొరిగినట్టు, వక్, వక్, వక్ అని. మాకు అలవాటే. పుత్రి మాత్రం అక్క జుట్టులో కూర్చున్నది కూర్చున్నట్టే బిగుసుకుపోయి, చెవులు అటు తిప్పేది. అక్క లేచి కిటికీలు మూసేసేది.

"ఉక్క చంపేస్తోంది, తలుపైనా తీసుంచండి," అని చిన్నక్క గోల.

"ఎదిగిన పిల్ల ఇంట్లో ఉంది," అనేది పెద్దక్క నవ్వకుండా.

ఒక సాయంత్రం చిన్నక్క గంజి కడుగు పారబొయ్యడానికి వంటింటి తలుపు తీసింది. బావ అప్పుడే మెట్ల దగ్గర కూర్చుని వక్క నములుతున్నాడు. బయట అరుపు వినపడింది, ఎప్పటికంటే దగ్గరగా. పుత్రి పెద్దక్క నెత్తి మీదికెక్కి నిలబడింది. ఏమనుకుందో ఏమో, ఒక్క దూకు దూకింది. చర్మం పూర్తిగా విప్పుకోవడం రాక, గాలిలో గిరగిరా తిరిగి, బావ మొహానికి తడిగుడ్డలా అతుక్కుంది. బావ అదిరిపడి వక్క మింగేశాడు. అది ఆయన నెత్తి మీదికెక్కి, అక్కణ్ణుంచి మళ్ళీ దూకింది. ఈసారి దుప్పటి పూర్తిగా విచ్చుకుంది. పెరడంతా దాటి కల్లుచెట్టు బోదెకి తగులుకుంది. పైనుంచి ఒకటి కిందికి దిగొచ్చింది. రెండూ ముక్కులు ఆనించుకున్నాయి. ఆకుల్లోకి పోయాయి.

మేమంతా బొమ్మల్లా నిలబడ్డాం. అక్క కళ్ళద్దాలు పెట్టుకుని చెట్టు కిందికి పరిగెత్తింది, పిలిచింది, ఏడ్చింది.

"వాడికి బట్టతల," అంది చివరికి ముక్కు తుడుచుకుంటూ. "బంగారంలాంటి పిల్లని బట్టతలవాడు లేవదీసుకుపోయాడు."

మగ గాలి ఉడతలకి నెత్తి మధ్య వెంట్రుకలుండవు, వాసన రుద్దుకోవడానికి. ఆ సంగతి చెప్పి ఊరుకుంటే సరిపోయేది. బావ టోపీ తీసి తన నెత్తి చూపించాడు.

"బట్టతలకి తక్కువేముంది వదినా? మీ చెల్లెలు ముప్పూటలా అన్నం తింటూనే ఉందిగా. మావాడు మగాడు. నచ్చింది, తీసుకెళ్ళాడు."

అక్క ఏడుపు ఆగిపోయింది.

"నఫ్తాలీ, విన్నావా. దోర్కాస్, నువ్వూ విన్నావుగా. మావాడు అన్నాడు. అయితే ఆదివారం ప్రార్థనయ్యాక పెద్దల ముందు కూర్చుందాం. మా పిల్లని తీసుకెళ్ళినవాళ్ళు మాకు ఓలి ఇవ్వాలి."

బావ నవ్వాడు. ఆదివారందాకా నవ్వుతూనే ఉన్నాడు. ప్రార్థనయ్యాక గుడి పక్క పాకలో చాప పరిచి, వక్క, మేం ఆకు బదులు నమిలే తమలపు కాయ, సున్నం పెట్టి, ఊరు ఊరంతా సర్దుకుని కూర్చుని ఉండడం చూశాక నవ్వు తగ్గింది. మా వాళ్ళకి వేరే పనులుంటాయిగాని ఓలి మాటలంటే అవన్నీ ఆగిపోతాయి.

అందరిలోకీ పెద్ద సొలెమాన్ తాత. ఆయనకి చెవుడు. ఆడపిల్లవాళ్ళ తరఫున నేను మాట్లాడాలి, తమ్ముణ్ణి కదా. లేచి వినయంగా మొదలుపెట్టాను.

"తాతా, మా పెద్దక్క కూతురు పుత్రిని లామెక్ బావ ఇంటివాడు చెప్పాపెట్టకుండా తీసుకుపోయాడు."

"ఓర్పాకి కూతురుందా? నాకెవరూ చెప్పలేదే," అన్నాడు తాత. "సరే. పిల్ల వయసెంత?"

"రెండేళ్ళు తాతా."

తాత చేతికర్ర అందుకున్నాడు. "లామెక్, ఇటు రా."

"తాతా, అది ఉడత," అంది చిన్నక్క మొగుడికి అడ్డంపడి.

"ఏంటి?"

"ఉడత తాతా. గాలి ఉడత," అన్నాం అందరం ఒక్కసారే, వాగు అవతలివాళ్ళకి కూడా వినపడేలా.

తాత కర్ర కింద పెట్టి కొంచెంసేపు వక్క నమిలాడు. "ముందే చెప్పొద్దూ," అన్నాడు. "అయినా లేవదీయడం లేవదీయడమే. లామెక్, ఆ మగవాడు మీవాడేనా?"

బావ గొంతు సవరించుకున్నాడు. "తాతా, అడవిలో తిరిగేవాటికి నేనెలా పూచీ?"

"బోన్లవాణ్ణి కత్తిపట్టుకుని తరిమినప్పుడు ఏమన్నావు?" అన్నాను నేను. "మా ఇంటివి అన్నావు. చిన్నక్క అడిగితే అన్నావు. నలుగురూ విన్నారు."

"బావమరిదీ, నువ్వు మా ఇంట్లోనే తింటున్నావు, మర్చిపోకు."

"ఇవాళ తినలేదు బావా. అందుకే గుర్తుంది."

పాకంతా ఘొల్లుమంది. బావ తరఫున మాట్లాడ్డానికి వచ్చిన ఆయన చిన్నాన్న ఇంకో చిక్కు తెచ్చాడు. పుత్రి అమ్మమ్మో ముత్తమ్మమ్మో ఇక్కడి అడవిలోంచే బోనులో ఎక్కి సురబయా పోయుంటుంది, అలాంటప్పుడు ఇద్దరిదీ ఒకే తెగ, ఒకే తెగైతే ఆ పెళ్ళి చెల్లదు, చెల్లనప్పుడు ఓలి ఎక్కడిది అని. అక్క లేచి, తన పిల్ల సురబయాలో పుట్టిందని, అక్కడే పెరిగిందని, దాని నడవడి చూస్తేనే తెలుస్తుందని వాదించింది. ఎండ నడినెత్తికొచ్చింది. వక్క అయిపోతే మళ్ళీ తెచ్చారు. చివరికి తాత తేల్చాడు.

"పిల్లని అడగాలి. సందె పడ్డాక ఓర్పా చెట్టు కింద నిలబడి పిలవాలి. పిల్ల తల్లి దగ్గరికొస్తే లామెక్ ఇవ్వాల్సింది లేదు. రాకపోతే పాత తూర్పు బట్ట ఒకటి, ఊరికి భోజనం."

తూర్పు బట్ట అంటే ఓడల మీద వచ్చిన నేతబట్ట, మాకు తాతల నాటి ఆస్తి. ఆడపిల్లని తెచ్చుకునేటప్పుడు తప్ప పెట్టెలోంచి బయటికి తీయం. బావ మొహం సున్నం కొట్టినట్టయింది.

ఆ సాయంత్రం వాలంతా జనం. గుడి పాటల బృందం ఆడపిల్లలు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. అక్క కొత్త గౌను వేసుకుంది. గుడ్డూ తేనే ఉగ్గూ, ఆత్రంలో ఎక్కువే కలిపింది, గిన్నె నిండా. చెట్టు కింద నిలబడి, నాలికతో టిక్ టిక్‌మని, "పుత్రీ, అమ్మ వచ్చిందమ్మా," అంది. అప్పటిదాకా నవ్వుతున్నవాళ్ళు కూడా తలలెత్తి ఆకుల్లోకి చూశారు.

ఆకులు కదిలాయి. పుత్రి బోదె మీద తలకిందులుగా దిగి, చూసి, దూకింది. గాలిలో నేరుగా, తడబాటు లేకుండా వచ్చి అక్క భుజం మీద వాలింది. అక్క కళ్ళు మూసుకుంది. బావ ఊపిరి పీల్చుకుని చేతులు పైకెత్తాడు.

ఆయన చేతులు దించేలోపే రెండోది వచ్చింది. బట్టతలవాడు. అక్క నెత్తి మీద వాలి, మోచేతి మీదుగా జారి, గిన్నెలో మూతి పెట్టాడు. తర్వాత మూడోది. తర్వాత ఎన్నో చెప్పలేను, తొర్ర తొర్రంతా దిగొచ్చింది. గౌను మీద, జుట్టులో, చంకలో, సంచిలో, ఎక్కడ చూసినా తోకలే. అక్క చేతులు చాచి కదలకుండా నిలబడిపోయింది, గుడ్డలారేసిన దండెంలా.

బావకి తెలివొచ్చింది.

"తాతా, చూశారా. వాళ్ళ పిల్ల ఒక్కతే మా ఇంటికొచ్చింది. ఇప్పుడు మా ఇల్లంతా ఆవిడ లేవదీసింది. నాకు ఓలి ఎవరిస్తారు?"

సొలెమాన్ తాత ఇంతవరకూ తన జన్మలో ఇలాంటి తగువు చూడలేదు. చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. ఎవరూ ఎవరికీ బట్ట ఇవ్వక్కర్లేదని, ఊరికి మాత్రం ఇద్దరూ కలిసి భోజనం పెట్టాలని తీర్పిచ్చాడు. భోజనం మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఎక్కడా సందేహం లేదు.

పుత్రి ఆ గుంపుతోనే చెట్టెక్కింది. అక్క ఆపలేదు. మర్నాడు సందెకి మళ్ళీ గిన్నె పట్టుకెళ్ళింది, ఆ మర్నాడూ వెళ్ళింది. ఉడతలు పిలవకముందే దిగొచ్చేవి. గొట్టాలు నిండుతున్నాయని బావకి లోలోపల సంతోషమే. అక్క పెట్టే ఉగ్గు తింటూ అవి కల్లు మరిచిపోయాయి. "వదినా, తేనె తక్కువైతే చెప్పు, నేను తెస్తా," అనేవాడు.

పాటల బృందం పిల్లలు ఫోన్లో తీసింది పట్నందాకా పాకింది. అది బోన్లవాడు కూడా చూశాడు.

ఒక సాయంత్రం అక్క గిన్నె తీసుకుని వెళ్ళేసరికి చెట్టు కింద అప్పటికే ఒకడు నిలబడున్నాడు. చేతిలో గిన్నె. నాలికతో అచ్చం అక్కలాగే టిక్ టిక్‌మంటున్నాడు. పక్కన బోను. ఉడతలు దిగొచ్చి వాడి చేతుల మీదుగా పాకుతున్నాయి, నమ్మకంగా, ఒకదాని తోక ఒకటి తొక్కుకుంటూ. పుత్రి వాడి చొక్కా చేతిలోకి దూరింది.

బావ అప్పుడు పక్క చెట్టు మీదున్నాడు. దిగడానికి టైము లేదు. గొట్టం విప్పి, ఆ రోజు కల్లంతా వాడి నెత్తి మీద గుమ్మరించాడు. ఆ వాసనకి గిన్నెలో మూతి పెట్టినవి కూడా తలెత్తి, తీపి ఎక్కడుందో పసిగట్టి, వాడి కాలర్లోంచి లోపలికి దూరాయి. గోళ్ళు సూదుల్లాంటివి. వాడు వాలంతా గెంతాడు.

"చొక్కా విప్పు," అంది అక్క. ఆసుపత్రిలో రోగులకి చెప్పే గొంతు. వాడు విప్పాడు. అక్క వాణ్ణి అటూ ఇటూ తిప్పి, ఒక్కొక్కదాన్నే మెడ పట్టి తీసి చెట్టు మీదికి వదిలింది. ఆఖర్ని పుత్రిని తీసింది.

"బోను తీసుకుని వెళ్ళిపో. మళ్ళీ కనపడ్డావంటే మా మరిది గొట్టంతో ఆగడు."

వాడు చొక్కా పిండుకుంటూ అక్కవంక చూశాడు. కోపం లేదు, నిజంగానే అడిగినట్టు అడిగాడు. "మీ దానికి మఖమలు సంచి కుట్టారట కదా అమ్మా, అందరూ చెప్పుకుంటున్నారు. ఆ ఉడతని ఎక్కడ కొన్నారు? మీలాంటివాళ్ళు కొంటారనే కదా మేం పట్టేది."

వాడు పోయాడు. చిన్నక్క సగ్గు గంజి పెడితే అక్క కలుపుతూ కూర్చుంది. చాలాసేపటికి బావని పిలిచింది.

"మరిదీ, వీటికి మనిషంటే భయం నేర్పాలి."

"నేను పుట్టినప్పట్నుంచీ తిడుతున్నాను వదినా. ఏం లాభం?"

"నువ్వు నోటితో తిట్టావు. అవి నీ మనసు విన్నాయి. అలా కాదు."

మర్నాటినుంచి సందెవేళ ఇద్దరూ చెట్టు కింద రెండు పీటలేసుకుని కూర్చునేవాళ్ళు. అక్క చేతిలో సత్తు పళ్ళెం, గరిటె. ఉడత దిగుతున్న చప్పుడైతే చాలు, పళ్ళెం వాయించేది. బావ బూతులు అందుకునేవాడు. మొదట్లో ఉడతలు ఆశ్చర్యపడి, ఉగ్గు ఎక్కడని వెతుక్కునేవి. బట్టతలవాడు ముందు నేర్చుకున్నాడు. మిగతావి వాడి వెనక. పుత్రి మాత్రం పళ్ళెం మోగుతున్నా దిగొచ్చేది. అక్క మీద దూకి, జుట్టులో కూర్చునేది. అక్క దాన్ని తీసి బోదె మీద పెట్టి మళ్ళీ వాయించేది. అది మళ్ళీ దూకేది.

ఒకరోజు అక్క కుండలో చన్నీళ్ళు పెట్టుకుని కూర్చుంది. పుత్రి దూకింది. అక్క నీళ్ళు దాని మొహం మీద చల్లింది. అది తడిసి ముద్దై, ఆవిడ వంక చూసి, ఆ మిడత అరుపు అరిచి చెట్టెక్కిపోయింది. అక్క కుండ బోర్లించి దాని మీదే కూర్చుండిపోయింది. బావ తన తువ్వాలు ఆవిడ చేతికిచ్చి, అటు తిరిగి, చెట్టుని గట్టిగా తిట్టాడు.

సురబయా తిరిగి వెళ్ళే ఓడ వచ్చింది, పోయింది. అక్క ఎక్కలేదు. ఎందుకని ఎవరమూ అడగలేదు. ఊళ్ళో వాళ్ళకి రక్తపోటు చూడ్డం మొదలుపెట్టింది, సొలెమాన్ తాత రోజూ వస్తున్నాడు, జబ్బేమీ లేకపోయినా. సందెవేళ మాత్రం పీట మీదే.

వానలు వెనకపట్టాక ఒక సాయంత్రం నేనూ వాళ్ళ దగ్గరే ఉన్నాను. పుత్రి ఎత్తు కొమ్మ మీద బయటికొచ్చింది. మనుషుల్ని చూసి ఆగింది. వీపు మీద ఏదో బరువుగా, గుబురుగా కనిపించింది. అక్క కళ్ళద్దాలు పెట్టుకోలేదు.

"అమ్మమ్మవయ్యావు వదినా," అన్నాడు బావ మెల్లగా.

అక్క తల ఎత్తలేదు. పళ్ళెం మోకాళ్ళ మీద పెట్టుకుని, గరిటె పట్టుకుని, నేల వంకే చూస్తూ అడిగింది.

"ఎంతమంది?"

"ఇద్దరు. దాని వీపు మీదున్నారు, గట్టిగా పట్టుకుని."

"లావుగా ఉన్నారా?"

"బాగా ఉన్నారు. ఒకడు మనవైపే చూస్తున్నాడు."

అక్క పళ్ళెమూ గరిటే ఆయన ఒళ్ళో పెట్టింది.

"అయితే చూస్తావేం," అంది. "వాయించు."